పద్నాలుగేళ్లు ఆగాక వచ్చిన ఆట నిరాశపరిస్తే తప్పు ఎవరిది?

వెన్నెలరాత్రి:
డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే తుపాకుల వీడియో గేమ్‌ను 1997లో ప్రకటించారు. విడుదలైంది 2011 జూన్‌లో. ఈ వారం దాన్ని మళ్లీ మొదటినుంచి చివరిదాకా ఆడాను. అంత ఆలస్యమైంది కాబట్టే పాడైందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ముందు ఆటను జనం ఎందుకు ప్రేమించారో మరచిపోయారు, అందుకే పాడైంది.

ఆ ముందు ఆట, అంటే 1996 నాటి డ్యూక్ న్యూకెమ్ 3డీలో దొరికిన ఆయుధమల్లా మన దగ్గరే ఉండేది. తలుపు తెరిచే ముందు దేన్ని చేతిలోకి తీసుకోవాలా అన్న ఆలోచనలోనే సగం ఆట ఉండేది. ఇరుకు దారిలో షాట్‌గన్, మలుపు అవతలి గుంపు మీదికి పైపు బాంబు, ఎదురుగా నిలబడ్డ భారీ శత్రువును బొమ్మంత చేసేసే కిరణం! రహస్య గదుల కోసం గోడలన్నీ తడుముతూ గంటలు గడిపేవాళ్లం. ఫరెవర్‌లో రెండే తుపాకులు. మూడోది కావాలంటే ఉన్నవాటిలో ఒకటి కింద పడేయాలి. దెబ్బలు తగిలితే ఓ మూల దాక్కుంటే చాలు, శక్తి దానంతటదే నిండుతుంది. ఈ పద్ధతులు హేలో అనే మరో తుపాకుల ఆటకు చక్కగా అమరాయి, డ్యూక్‌కు అమరలేదు. తర్వాత కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు ఇచ్చిన సవరణ (ప్యాచ్)లో నాలుగు తుపాకులకు వీలు కల్పించారు. లోపం ఎక్కడుందో వాళ్లకూ అర్థమైందన్నమాట.

పాతకన్సోల్:
వెన్నెలరాత్రి గారూ, ఆ రెండు తుపాకుల నియమం ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. హేలో వచ్చిందే 2001 నవంబరులో. ఫరెవర్ చెప్పిన కాలానికి వచ్చి ఉంటే అనుకరించడానికి హేలోయే లేదు. ఆలస్యమైన కొద్దీ పక్కవాళ్ల ఆటలు చూసి తమ ఆటను మార్చుకుంటూ పోయారు. 1998లో క్వేక్ 2 ఇంజిన్‌ను (ఆటను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను) వదిలి అన్‌రియల్ ఇంజిన్‌కు మారారు. 2001 ట్రైలర్‌లో మనం చూసిన ఆట ఆ రూపంలో ఎన్నడూ రాలేదు. 2009లో దాన్ని తయారుచేస్తున్న త్రీడీ రెల్మ్స్ సంస్థ ఆ జట్టును తొలగించింది, 2010లో గేర్‌బాక్స్ అనే మరో సంస్థ చేపట్టింది. ఇన్ని అతుకులు పడ్డాక ఏ ఆటైనా ఒక్క ముక్కగా నిలుస్తుందా?

మన వంతు కూడా ఉంది. పద్నాలుగేళ్లు మనసులో కట్టుకున్న ఆటకు నిజం ఆట ఎప్పటికీ సాటి రాదు.

నాలుగోస్థాయి:
ఆశ పెట్టుకోవడం ఆటగాడి తప్పెలా అవుతుంది? ఎప్పుడొస్తుందని అడిగిన ప్రతిసారీ ‘పూర్తయినప్పుడు’ అని జవాబిచ్చి ఊరించింది వాళ్లు.

వెన్నెలరాత్రి:
హేలో సంగతి బాగా పట్టుకున్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆలస్యం ఒక్కటే కారణమైతే హాఫ్-లైఫ్ 2 అనే ఆట ఎలా గెలిచింది? 2003 సెప్టెంబరు అన్నారు, కోడ్ చోరీ అయింది, చివరికి 2004 నవంబరులో వచ్చింది. హాలో నైట్ ఆటకు కొనసాగింపైన సిల్క్‌సాంగ్‌ను 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరులో ఇచ్చారు. మరీ కష్టంగా ఉందని కొందరు గొడవపడ్డారు, నిజమే. అయినా మొదటి ఆటను ప్రేమించినవాళ్లు దీన్ని పరాయిదిగా చూడలేదు.

మూడోఅధ్యాయం:
మరి షెన్ము 3 ఆట మాటేమిటి? రెండో భాగం 2001లో, మూడోది 2019లో. అభిమానులు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి నిలబెట్టిన ఆట అది. పాత పద్ధతిని ఎక్కడా వదల్లేదు. కనిపించిన ప్రతివారినీ ఆరా తీయడం, కూలిపని, కసరత్తు, అన్నీ ఉన్నాయి. మొదటి రెండు గంటలు నాకు సొంతింటికి తిరిగొచ్చినట్లే ఉంది. కానీ తండ్రిని చంపినవాడి కోసం బయలుదేరిన కథానాయకుడు ర్యో పగ అన్నేళ్ల తర్వాతా తీరలేదు. కథ అడుగు కదిలీ కదలనట్లు ఆగిపోయింది. పాతదాన్ని కాపాడితే సరిపోతుందన్న మీ వాదన ఇక్కడ నిలవదు.

వెన్నెలరాత్రి:
పాతదాన్ని ఉన్నదున్నట్లు ఉంచమని నేను అనలేదు. షెన్ములో జనం కోరుకున్నది ఆ ప్రయాణం ముందుకు సాగడం. పద్ధతిని కాపాడి, ప్రయాణాన్ని వదిలేశారు.

2022లో ఫరెవర్ 2001 నాటి అసంపూర్ణ రూపం ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఆ వీడియోలు చూస్తుంటే నాకు కోపం రాలేదు, దిగులేసింది. అక్కడే ఆగి దాన్ని పూర్తి చేసి ఉంటే ఎంత బాగుండేది!

పాతకన్సోల్:
ఆగమని చెప్పేవారు లేరు కదండీ. ముందు ఆట తెచ్చిన సొంత డబ్బుతో చేస్తున్నారు కాబట్టి గడువు విధించగలిగే ప్రచురణకర్త చేతిలో పగ్గాలు లేవు. రెండు తుపాకుల విషయంలో మీరన్నదే సరి, ఆ నియమం డ్యూక్‌కు అన్యాయమే చేసింది. ఆలస్యం మాత్రం నిర్దోషి అంటే ఇప్పటికీ ఒప్పుకోలేను.