సాలిడ్ ఉకులేలేకీ లామినేట్‌కీ తేడా వినేవాళ్లకు తెలుస్తుందా?

రెండేళ్లుగా లామినేట్ (పలచని చెక్కపొరలు అతికించి చేసిన) కాన్సర్ట్ సైజు ఉకులేలే (చిన్న గిటార్‌లాంటి నాలుగు తీగల వాద్యం) వాయిస్తున్నాను. ఈమధ్యే సాలిడ్, అంటే పొరలు లేని అచ్చమైన మహాగనీ చెక్కతో చేసినది కొన్నాను. వాయించే నాకైతే తేడా తెలుస్తోంది: సి తీగ మీటితే మోత ఇంకాసేపు నిలుస్తోంది, పెట్టె వణుకు పొట్టకి తగులుతోంది. కానీ మా చెల్లిని అటు తిప్పి కూర్చోబెట్టి రెండూ వినిపిస్తే పదిసార్లలో ఐదుసార్లే కనిపెట్టింది. అంటే బొమ్మా బొరుసే కదా! పైగా పాతదానికి నైలాన్ తీగలు, కొత్తదానికి ఫ్లోరోకార్బన్. ఇక తేడా చెక్కదో తీగలదో ఎలా తేల్చను? పొరలు అతికించిన లామినేట్ తేమ మార్పులను బాగానే తట్టుకుంటుంది. సాలిడ్‌కి మాత్రం గాలిలో తేమ 45-55 శాతం ఉండేలా చూడాలి, బాగా ఎండితే పగులుతుందని టెన్షన్. ఈ చాకిరీ అంతా నా ఒక్కడి చెవుల కోసమేనా? రెండింటికీ ఒకే తీగలు వేసి, చూడకుండా విని పోల్చినవాళ్లుంటే చెప్పండి. రికార్డింగ్‌లో అయినా తేడా వినిపించిందా?