కీరకాయను లేతగా కోయాలా, పాదు మీదే ముదరనివ్వాలా?

పందిరి కింద (ఆమదాలవలస):
సంక్రాంతి వెళ్లాక పెరట్లో నాలుగు కీర పాదులు పెట్టి పందిరికి ఎక్కించాను. కాయలు జానెడు పొడవు రాగానే కోద్దామని నేను, పసుపు రంగు తిరిగేదాకా ఆగితే బరువు తూగుతాయని మా అత్తగారు. ఏది సరైన పద్ధతో అనుభవజ్ఞులు చెప్పగలరు.

బొబ్బిలి మాస్టారు:
ఆగడమే మంచిదని నా అభిప్రాయం. మా ఇంట్లో దోసకాయ పసుపు తిరిగాకే కోసేవారు, అది చాలా రోజులు చెడకుండా నిలిచేది. లేతకాయ మూడు నాలుగు రోజులకే వడలిపోతుంది. ఎండల్లో నీళ్లు మోసి పెంచినదాన్ని సగంలో కోసెయ్యడం నాకు నచ్చదు.

ఎర్రనేల పెరడు (గజపతినగరం):
మాస్టారూ, మీ మాట పప్పుదోసకు అక్షరాలా వర్తిస్తుంది గాని, కీరకు వర్తించదు. పప్పుదోస ఖర్బూజా జాతిది, దాని కణాల్లో 24 క్రోమోజోములుంటే కీరలో 14 మాత్రమే ఉంటాయి. పేరులో రెండూ దోసలే అయినా, ఒకటి పండితే వంటకు వస్తుంది, రెండోది పండితే తొక్క మందమై, గింజ గట్టిపడి, లోపలి గుజ్జు పుల్లబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం పాదుకు జరుగుతుంది. ఒక కాయలో గింజ ముదరడం మొదలైతే తీగ తన బలాన్ని దానికే మళ్లిస్తుంది కనుక, తరువాత వచ్చిన పిందెలు నిలవవు. నిరుడు మా పందిరి మీద ఆకుల చాటున ఒక కాయ నా కంటబడకుండా ముదిరిపోయింది. ఆ తీగకే చిటికెనవేలంత పిందెలు ఐదు, ఎండిన పువ్వు కొసన వేలాడుతుండగానే, పసుపుబారి ముడుచుకుపోయాయి. ఆ కాయను తీసేశాక వచ్చిన పిందెలు నిలిచాయి. (తేనెటీగలు రాక పరాగసంపర్కం జరగకపోయినా పిందెలు ఇలాగే రాలుతాయి కాబట్టి, ఉదయం పూట పూలను గమనించుకోవాలి.)

అమ్మా, ఆడపువ్వు విచ్చిన 8-10 రోజులకు, కాయ ఇంకా ఆకుపచ్చగా, బొటనవేలి గోరు సులువుగా దిగేంత లేతగా ఉన్నప్పుడే కోయండి. రోజు విడిచి రోజు ఆకులెత్తి చూసి, తొడిమ కొంచెం ఉంచి కత్తెరతో కత్తిరించండి. చేత్తో లాగితే తీగ చిట్లుతుంది.

బొబ్బిలి మాస్టారు:
పప్పుదోసనూ కీరనూ ఒకే గాట కట్టడం నా పొరపాటే. అయితే అన్నీ లేతగా కోసేస్తే మరుసటి పంటకు విత్తనం ఎక్కడిది?

ఎర్రనేల పెరడు:
నాటు రకమైతే మీ ప్రశ్న న్యాయమైనదే. హైబ్రిడ్ గింజ మళ్లీ అదే కాయను ఇవ్వదు. నాటు రకంలో కాపు తగ్గుముఖం పట్టాక, బలమైన పాదు మీద ఒక్క కాయకు దారం కట్టి, అది పూర్తిగా పసుపు తిరిగేదాకా ఉంచండి.