తిమోతిలో అగ్ని ఆరిపోయిందా? (2 తిమోతి 1:6)

బెరయ_చదువరి:
అందరికీ వందనాలు. "కృపావరము (దేవుడిచ్చిన వరం) ప్రజ్వలింప చేయవలెనని" అపొస్తలుడైన పౌలు తన యువ సహచరుడు తిమోతికి రాశాడు కదా. ఇక్కడున్న గ్రీకు క్రియ 'అనజోపురేఓ'కు "మళ్ళీ వెలిగించు" అనే అర్థమని, అంటే తిమోతి అప్పటికే చల్లారిపోయాడని ఒక ప్రసంగంలో విన్నాను. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. మీరేమంటారు?

గ్రీకు_విద్యార్థి:
నేనూ ఒప్పుకోను బ్రదర్. 'జోఓస్' అంటే ప్రాణమున్నది, 'పూర్' అంటే నిప్పు. ఈ రెంటి నుంచి వచ్చిన 'జోపురోన్' మంట రాజేయడానికి పనికొచ్చే నిప్పుకణిక. గ్రీకు తత్వవేత్త ప్లేటో తన 'లాస్' (చట్టాలు) అనే రచన మూడో పుస్తకంలో, జలప్రళయం తప్పించుకుని కొండల మీద మిగిలిన కాపరులను మానవజాతి తాలూకు చిన్న కణికలని ఈ మాటతోనే అంటాడు. బూడిద కాదు, నివురుగప్పిన నిప్పు!

'అనజోపురేఓ' మొదట్లో ఉన్న 'అన'కు "పైకి" అనీ, "మళ్ళీ" అనీ రెండర్థాలున్నాయి. గొడవంతా అక్కడే. థీబ్స్ అనే గ్రీకు నగరం తిరిగి పుంజుకుందని చెప్పేటప్పుడు గ్రీకు చరిత్రకారుడు గ్జెనొఫోన్ ఇదే క్రియ వాడాడు, అయినా "మళ్ళీ" అనడానికి 'పాలిన్' అనే మాట విడిగా చేర్చాడు. "మళ్ళీ" అన్నది క్రియలోనే స్పష్టంగా ఉంటే ఆ అవసరం అంతగా ఉండేది కాదని నా ఉద్దేశం.

పాత_నిబంధన:
ఆదికాండం 45:27 మర్చిపోకండి. యోసేపు పంపిన బండ్లు చూశాక యాకోబు ప్రాణం తెప్పరిల్లిందని చెప్పడానికి పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో ఇదే క్రియ ఉంది. అంతకుముందు వచనంలోనే ఆయన నిశ్చేష్టుడయ్యాడు. ప్లేటో 'రిపబ్లిక్' ఏడో పుస్తకంలోనూ, వేరే వ్యాపకాల వల్ల పాడై గుడ్డిదైన ఆత్మ ఇంద్రియం గణిత విద్యలతో తిరిగి రాజుకుంటుందని ఉంది. రెండుచోట్లా ముందు నీరసించడం ఉంది కదండీ?

గ్రీకు_విద్యార్థి:
నిజమే, మంచి ఉదాహరణలు. ఈ క్రియ అలా కూడా వాడతారు. కానీ ఆ నీరసం మనకు తెలిసింది చుట్టూ ఉన్న వాక్యాల వల్ల. యాకోబు సంగతి ముందు వచనం చెప్పింది. మరి తిమోతి గురించి ముందు వచనం ఏం చెబుతోంది? అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం అతనిలోనూ ఉందని పౌలు రూఢిగా నమ్ముతున్నాడు. ఏడో వచనంలో పిరికితనం మాట వస్తుంది, అతనికి కొంత జంకు ఉండి ఉండొచ్చు. అంతమాత్రాన ఆరిపోయాడని తేల్చడం అన్యాయం. పైగా ఇక్కడ క్రియ వర్తమాన రూపంలో ఉంది. ఒక్కసారి వెలిగించి వదిలేయమని కాదు, రాజేస్తూనే ఉండమని.