వీపు నల్లగా ఉంటే చాలా? పండు ఈగ పేరు దేన్ని చూసి చెప్పాలి

సువర్ణరేఖ తోట, ఆనందపురం
మా సువర్ణరేఖ మామిడి చెట్ల కింద రాలిన కాయల్ని ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, పైన వల కట్టాను. పురుగులు ఇసుకలోకి దిగి ప్యూపాలయ్యాయి, పది రోజులకు ఈగలొచ్చాయి. వీపు నలుపు, రెండు పక్కలా పసుపు చారలు. డోర్సాలిస్ అనే రకం పండు ఈగ అని ఫొటో పెడితే, ఇక్కడే ఒకరు ‘చెప్పలేం’ అన్నారు. ఇంకేం కావాలి?

రెక్కగీత, ఎంవీపీ కాలనీ
ఆ మాటన్నది నేనేనండీ, ఇప్పుడూ అదే అంటాను. వీపు రంగును నమ్మకండి. డోర్సాలిస్‌లోనే అది కారునలుపు నుంచి ఇటుక రంగు దాకా మారుతుంది. కరెక్టా అనే మరో రకం వీపూ నలుపే. రెక్క చూడండి. డోర్సాలిస్‌కి ముందంచు వెంట సన్నటి ముదురు గీత కొస దాకా తెగకుండా పోతుంది. కరెక్టాకీ, జొనాటా అనే ఇంకో రకానికీ అది మధ్యలో తెగి, కొసన మచ్చ మాత్రం ఉంటుంది. ఆ రెండింటి తగువు ముఖం దగ్గర తేలుతుంది: జొనాటాకి రెండు నల్లచుక్కలు విడివిడిగా, కరెక్టాకి అవి అడ్డంగా సాగి గీతలా. మీ ఫొటోలో ముఖమే లేదు. పైగా పుట్టిన రోజే తీసినట్టున్నారు, అప్పటికి రంగు తేరదు. చక్కెర నీళ్ళు పెట్టి రెండు మూడు రోజులాగి తీయండి.

రైతుబజారు
మూడు రకాల మగ ఈగలూ బోనులో పెట్టే మిథైల్ యూజినాల్ ఎరకే వస్తాయి కదండీ. పేరు తెలిస్తే మనం చేసే పని మారుతుందా?

రెక్కగీత
ఒట్టి మామిడి తోటలో మారదు, ఒప్పుకుంటాను. పక్కన కాకర, దోస పాదులుంటే మారుతుంది. వాటి మీద వాలే కుకుర్బిటే అనే రకం మగ ఈగ ఆ ఎరకు రాదు, వేరే ఎర అయిన క్యూల్యూర్‌కి వస్తుంది. దాని వీపు నడిమధ్యన మూడో పసుపు చార ఉంటుంది.

సూక్ష్మదర్శిని
మచ్చల మీద ఇంత ధీమా నాకు లేదు. 2003లో కెన్యాలో దొరికిన ఈగకు 2005లో ఇన్‌వాడెన్స్ అని కొత్త పేరు పెట్టారు. 2015లో అది డోర్సాలిసే అని తేల్చారు. నిపుణులకే పదేళ్ళు పట్టింది. రెక్క గీత కొస దాకా ఉన్నంత మాత్రాన డోర్సాలిస్ అనకండి. దక్షిణాదిలో కారియే అనే రకం కూడా ఉంది, దాని తొడల మీద పెద్ద నల్లమచ్చలుంటాయి. కాళ్ళు కనబడని ఫొటోకి ‘డోర్సాలిస్ గుంపు’ అని ఆగడమే న్యాయం.

రెక్కగీత
కాళ్ళ సంగతి వదిలేశాను, మీరన్నది నిజం. కానీ ఇన్‌వాడెన్స్ కథ నా వైపే నిలుస్తుంది. దాని వీపు రంగు ఒక్కో ఈగకు ఒక్కోలా ఉండేది.

సువర్ణరేఖ తోట
మూడు రోజులాగి, భూతద్దం పెట్టి పదకొండింటినీ చూశాను. ఎనిమిదింటికి గీత కొస దాకా ఉంది, తొడలు శుభ్రంగా పసుపు. మూడింటికి కొసన మచ్చే, ముఖం మీద అడ్డగీత. వీపు పదకొండింటికీ నలుపే! ఒకే డబ్బాలో రెండు రకాలు. కాళ్ళు, ముఖం కనబడేలా తీసిన ఫొటోలు రాత్రికి పెడతాను.