పయోగ్లిటజోన్ బ్యాన్ చేశారా? అమ్మకి కాళ్లవాపులు

అమలాపురం_అబ్బాయి:
అమ్మ షుగర్‌కి మూడు మందులు కలిసిన బిళ్ల వేసుకుంటోంది. ఈమధ్య సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. స్ట్రిప్పు వెనక గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ అని ఉంది. ఆ చివరిదాన్ని ఎప్పుడో బ్యాన్ చేశారని పక్కింటాయన టెన్షన్ పెట్టేశారు. మరి షాపులో ఎలా ఇస్తున్నారండి?

తణుకు_మందులషాపు:
బ్యాన్ చేసిన మాటా నిజమే, ఎత్తేసిన మాటా నిజమేనండి. మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2013 జూన్‌లో కేంద్రం అమ్మకం ఆపించింది. స్ట్రిప్పులన్నీ అట్టపెట్టెల్లో సర్ది స్టాకిస్టుకి పంపేశాం. జూలై ఆఖరుకి మళ్లీ వదిలారు, మందుతోపాటు హెచ్చరిక అచ్చువేయాలనీ, షుగర్‌కి మొట్టమొదటి మందుగా రాయకూడదనీ చెప్పి. ఫ్రాన్స్‌లో 2011లోనే ఆపేశారు.

పాలకొల్లు_మేస్టారు:
మీ పక్కింటాయన విన్నది రోసిగ్లిటజోన్ గురించేమో. అదీ ఈ జాతి మందే, మా నాన్నగారు వాడేవారు. దానితో గుండెపోటు ముప్పు పెరుగుతోందని 2007లో అమెరికా డాక్టర్లు లెక్కలు బయటపెట్టారు. 2010 సెప్టెంబరులో యూరప్, నవంబరులో మన దేశం ఆపేశాయి. అమెరికా మాత్రం ఆంక్షలతో సరిపెట్టి, 2013లో వాటినీ సడలించింది. కాబట్టి ఎవరైనా బ్యాన్ అంటే ఏ మందు, ఏ దేశం, ఏ సంవత్సరం అని అడగండి.

రాజోలు_సిస్టర్:
చరిత్ర తర్వాత, ముందు వాపు సంగతి చూడండి బాబూ. ఈ మందుకి ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. ఇన్సులిన్ కూడా చేసుకుంటుంటే ఇంకా ఎక్కువ. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి చాలా ప్రమాదం. ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, ఉన్నట్టుండి బరువు పెరిగినా ఆరోజే డాక్టరుకి చూపించాలి. మూత్రంలో రక్తం కనిపించినా అంతే. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

మండపేట_రైతు:
మా ఆవిడ అలాగే వాట్సాప్‌లో చూసి ఆపేసింది. పైగా పండక్కి అరిసెలు. షుగర్ మూడొందలు దాటింది. నేనైతే 15 మిల్లీగ్రాములది ఏళ్ల తరబడి వేసుకుంటున్నాను, ఏ వాపూ లేదు. అందరికీ ఒకేలా పడదు మరి.

కొత్తపేట_కుర్రోడు:
మెట్‌ఫార్మిన్ కూడా బ్యాన్ అంట కదా. అన్నీ మానేసి నేరేడు గింజల పొడి వాడండి.

తణుకు_మందులషాపు:
బ్యాన్ అయింది ఫెన్‌ఫార్మిన్, మెట్‌ఫార్మిన్ జాతిదే ఓ పాత షుగర్ మందు, తమ్ముడూ. రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుని ప్రాణాలు పోయాయని అమెరికాలో 1970ల్లోనే తీసేశారు, ఇక్కడ 2003లో. మెట్‌ఫార్మిన్‌తో ఆ ముప్పు చాలా అరుదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి మాత్రం ఇవ్వరు. పొడి తింటే తిను గానీ, బిళ్లలు మానమని ఊళ్లోవాళ్లకి చెప్పకు.

అమలాపురం_అబ్బాయి:
డాక్టరుగారికి చూపించామండి. ఎకో తీయిస్తే గుండె బాగానే ఉందన్నారు. పయోగ్లిటజోన్ లేని బిళ్ల రాశారు, వాపు తగ్గుముఖం పట్టింది. పాత స్ట్రిప్పులు ఇంకా మిగిలాయి, షాపులో వెనక్కి తీసుకుంటారా?

తణుకు_మందులషాపు:
కత్తిరించనివైతే బిల్లు పట్టుకెళ్లి అడగండి. మేమైతే తీసుకుంటాం.