అప్‌డేట్: ఆ జపాన్ సల్సా బ్యాండ్ దొరికింది

మొన్న అడిగా కదా, సల్సా (లాటిన్ అమెరికా డాన్స్ మ్యూజిక్) పాటేమో స్పానిష్‌లో, వీడియోలో అందరూ జపాన్ వాళ్ళే, ఎవరీ బ్యాండ్ అని. దొరికింది, ఓర్కెస్టా దె లా లూజ్! మీలో ఇద్దరు చెప్పిందే కరెక్ట్, థాంక్స్ అండీ. 1984లో టోక్యోలో మొదలైందట, పాడేది నోరా. 1990లో వచ్చిన మొదటి ఆల్బమ్ అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ట్రాపికల్ చార్ట్‌లో (సల్సా లాంటి ఆల్బమ్‌ల ర్యాంకింగ్ లిస్ట్) నంబర్ వన్, అదీ సల్సాకి అడ్డా లాంటి న్యూయార్క్ వాళ్ళ ముందు, మామూలు విషయం కాదు కదా. మొదట్లో ఆవిడకి స్పానిష్ సరిగ్గా రాకపోయినా లిరిక్స్ బట్టీ పట్టి పాడేదంట, మన సినిమాల్లో తెలుగు రాని సింగర్లు పాడినట్టే, కానీ ఉచ్చారణ మాత్రం ఈవిడదే బెటరేమో 😄 1997లో విడిపోయి 2002లో మళ్ళీ కలిశారు. ఇంకోటి, టోక్యో క్యూబన్ బాయ్స్ అనే ఇంకో జపాన్ లాటిన్ బ్యాండ్ అయితే 1949లోనే మొదలైంది, ఇప్పుడు వాళ్ళవి వింటున్నా.