అప్‌డేట్: మెట్లెక్కితే ఆయాసం అని అడిగాను కదా, మూడు నెలల తర్వాత

మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది, డాక్టర్ గుండె బాగానే ఉందన్నారు, ఏం చేయాలి అని అప్పట్లో అడిగాను. రోజూ అరగంట వేగంగా నడవమనీ, వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పమనీ మీరన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేదీ అదే, వారానికి కనీసం 150 నిమిషాలు.

మొదటి రెండు వారాలు పిక్కలు పట్టేసి కూర్చుని లేవడమే కష్టమైంది. బరువు ఇప్పటికీ ఒక్క కిలోనే తగ్గింది. కానీ రోజూ పొద్దున్న మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి లెక్కపెడుతున్నా. అప్పుడు నిమిషానికి 84, ఇప్పుడు 72. వ్యాయామంతో గుండె ఒక్కోసారి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, కాబట్టి అన్నిసార్లు కొట్టుకోవాల్సిన పని ఉండదు. ఇది అర్థమయ్యాక బరువు గురించి టెన్షన్ పోయింది.

నిద్ర కూడా బాగా పడుతోంది. గోడకు చేతులు ఆనించి పుషప్స్ మొదలుపెట్టమన్నవాళ్లకు ప్రత్యేకంగా థ్యాంక్స్, నిన్న నేల మీద ఆరు చేశాను.

మొన్న పాపను ఎత్తుకుని మూడంతస్తులూ ఎక్కాను. పైదాకా తనకి కథ చెబుతూనే ఉన్నా, మధ్యలో ఎక్కడా ఆగలేదు.